ముంగిస ఊళ్లో ఏడు రోజులు

దోహాలో మా రూమ్‌లో నలుగురం ఉంటాం. ముగ్గురికి క్రికెట్ పిచ్చి, నాకు ఫుట్‌బాల్. 2023 డిసెంబర్‌లో పది రోజులు సెలవు దొరికితే జగిత్యాల పోకుండా ట్యూనీషియా పోతానన్నాను. ముగ్గురూ నన్ను జ్వరం వచ్చినవాణ్ణి చూసినట్టు చూశారు. "అక్కడ ఏముందన్నా?" అన్నాడు చిన్నోడు. "మ్సాక్ని పుట్టిన ఊరుంది" అన్నాను. మ్సాక్ని ఎవరో వాడికి తెలియదు. మనవాళ్లలో చాలామందికి తెలియదు కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

యూసుఫ్ మ్సాక్ని ట్యూనీషియా ఫుట్‌బాల్ ఆటగాడు, 1990లో రాజధాని ట్యూనిస్‌లో పుట్టాడు. కుడికాలి ఆటగాడే గానీ ఎడమ అంచు మీద ఆడతాడు. అక్కడినుంచి లోపలికి కోసుకొచ్చి, బంతిని వంపు తిప్పి దూరపు మూలలోకి కొడతాడు. ఆ దేశంలో అతన్ని 'నిమ్స్' అంటారు, అంటే ముంగిస. 2013 ఆఫ్రికా కప్‌లో అల్జీరియా మీద ఆట ముగిసే ముందు ఇంజురీ టైమ్‌లో కొట్టిన గోల్ ఒక్కటి చూస్తే చాలు, ఆ పేరు ఎందుకొచ్చిందో అర్థమవుతుంది. దానికి కొద్ది రోజుల ముందే, 22 ఏళ్ల వయసులో, యూరప్ పోతాడని అందరూ అనుకుంటుంటే ఖతార్‌లోని లెఖ్వియా క్లబ్‌కి వచ్చేశాడు. కోటి యూరోలకు పైనే ఇచ్చారని అప్పట్లో పత్రికలు రాశాయి. ఆ తర్వాత బెల్జియంలో ఒక క్లబ్‌కి కొన్ని నెలలు అరువు ఆటగాడిగా ఆడినా, ఎక్కువ కాలం దోహాలోనే గడిపాడు. నేను అతన్ని చూసింది ఇక్కడే. 2022 ప్రపంచ కప్‌లో ఇక్కడి నివాసులకిచ్చే 40 రియాళ్ల టికెట్‌తో ఎడ్యుకేషన్ సిటీ స్టేడియంలో ట్యూనీషియా, డెన్మార్క్ మ్యాచ్‌కి వెళ్లాను. 0-0తో ముగిసింది. చెవులు మాత్రం రెండు రోజులు గింగుర్లెత్తాయి. అంతగా ఈలలు వేసే జనం ఎక్కణ్ణుంచి వచ్చారో చూడాలని అప్పుడే అనుకున్నాను.

దోహా నుంచి ట్యూనిస్‌కి నేరుగా ఆరు గంటల పైచిలుకు ప్రయాణం. వీసాకి తిరిగిన తిరుగుళ్లు రాస్తే అదే ఒక కథవుతుంది, వదిలేస్తాను. రాత్రి పదింటికి ఎయిర్‌పోర్ట్ బయట టాక్సీ ఎక్కాను. పసుపు టాక్సీలకు మీటర్ ఉంటుంది, కానీ అది దినార్లలో కాదు, మిల్లీముల్లో చూపిస్తుంది. వెయ్యి మిల్లీములైతే ఒక దినార్, మన లెక్కలో అప్పటికి 26, 27 రూపాయలు. మీటర్ మీద నాలుగంకెల సంఖ్య చూసి నాకు గుండె జారింది. డ్రైవర్ ఆ టెన్షన్ కనిపెట్టి కాబోలు, మీటర్ మీదున్నదానికి మూడింతలు అడిగాడు. రాత్రి తొమ్మిది దాటితే సగం అదనం తీసుకోవడం రూలే, మిగతాది మాత్రం నా అమాయకత్వానికి పడిన జరిమానా. మర్నాటినుంచి ఫోన్‌లో టాక్సీ పిలుచుకున్నాను, గొడవ లేదు.

ట్యూనిస్‌లో మొదటి మూడు రాత్రులు మెదీనాలో, అంటే పాత ఊళ్లో, ఒక 'దార్'లో ఉన్నాను. మధ్యలో ఆకాశానికి తెరిచిన వాకిలి, చుట్టూ గదులు, గోడలకు రంగు పలకలు. మా తాతగారి మండువా లోగిలి గుర్తొచ్చింది. ఇంటావిడ పొద్దున్నే ఆలివ్ నూనె, తేనె, వేడి రొట్టె పెట్టేది. అందానికి వందకు వంద మార్కులు. కానీ సందుల్లోకి టాక్సీ రాదు, సూట్‌కేసు రాళ్ల మీద లాక్కుంటూ పోవాలి. డిసెంబర్‌లో ఆ గదులు బావిలో నీళ్లలా చల్లగా ఉంటాయి. చిన్న హీటర్ ఇచ్చారు, అది గదిని కాదు, నా మోకాళ్లను మాత్రమే వేడి చేసింది. తర్వాతి రాత్రికి హబీబ్ బుర్గీబా అవెన్యూ పక్కన ఒక మామూలు హోటల్‌కి మారాను. అందం సున్నా, వేడినీళ్లు పుష్కలం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు రెండోదే చూసుకోండి.

బార్డో మ్యూజియం కోసం నాలుగో నంబర్ మెట్రో ఎక్కాలి. మెట్రో అంటారు గానీ అది ట్రామే. పార్లమెంటు పక్కనే మ్యూజియం ఉంది. అందుకే 2021 జులైలో పార్లమెంటుతో పాటు దానికీ తాళం పడింది, రెండేళ్ల తర్వాత 2023 సెప్టెంబర్‌లో తెరిచారు. గోడల నిండా రోమన్ కాలపు మొజాయిక్‌లు. గోరంత రాళ్లతో చేపలు, వలలు, వేటకుక్కలు పేర్చారు. 2015 మార్చి 18న ఈ మ్యూజియం మీద జరిగిన ఉగ్రవాద దాడిలో చనిపోయినవాళ్ల పేర్లు కూడా అక్కడ రాసి ఉన్నాయి, కాసేపు నిలబడ్డాను. నేను అసలు బార్డో వచ్చింది మాత్రం ఇంకో పనికి. స్టాద్ ట్యూనిసియన్ అనే క్లబ్ ఈ పేటదే, 1948లో పుట్టింది, ఎరుపు ఆకుపచ్చ రంగులు. మ్సాక్ని ఆట మొదలైంది ఇక్కడే. వాళ్ల హేదీ ఎన్నైఫర్ స్టేడియం గేటు మూసి ఉంది. కమ్మీల సందులోంచి చూస్తే ఖాళీ మెట్లు, పసుపు తిరిగిన గడ్డి. ఫోటో తీయబోతే కాపలాదారు వద్దని చెయ్యి ఊపాడు. "మ్సాక్ని" అన్నాను. నవ్వి, మళ్లీ వద్దన్నాడు.

స్టాద్ నుంచి మ్సాక్ని 2008లో ఎస్పెరాన్స్‌కి వెళ్లాడు. అది బాబ్ సూయికాలో 1919లో పుట్టిన క్లబ్. ఒక కాఫీ హోటల్లో కూర్చుని పెట్టుకున్నారు, ఆ హోటల్ పేరే క్లబ్‌కి మిగిలింది. ఎస్పెరాన్స్ అంటే ఆశ. ఆ పేటలో గోడలు, షట్టర్లు, చివరికి చెత్తడబ్బాలు కూడా ఎరుపు పసుపులే.

నా ప్లానంతా ఆ వారాంతం ఒక లీగ్ మ్యాచ్ మైదానంలో చూడాలని. హోటల్ కుర్రాడు ఫోన్ చూసి "హుయి క్లో" అన్నాడు. అంటే ప్రేక్షకుల్లేకుండా, తలుపులు మూసి ఆట. ముందు మ్యాచ్‌లో జనం మంటలు వెలిగించారట, దానికి శిక్ష. ఇంత దూరం వచ్చి! ఆ దేశంలో ఇది మామూలేనని తర్వాత తెలిసింది. కాబట్టి మ్యాచ్ కోసమే వెళ్లేవాళ్లు చివరి రోజు వరకూ అడిగి కనుక్కోండి, ఒక్క మ్యాచ్‌నే నమ్ముకుని టికెట్లు బుక్ చేసుకోకండి.

చివరికి బాబ్ సూయికాలో ఒక కాఫీ హోటల్లో చూశాను. యాభై మంది, ఒక టీవీ, గది నిండా సిగరెట్ పొగ. నిజం చెప్పాలంటే స్టేడియంలో కంటే ఇదే బాగుంది. గల్ఫ్ అరబ్బీ కొంచెం వచ్చు గానీ వీళ్ల యాస వేరు. 'చాలా' అనడానికి 'బర్షా' అంటారు, 'సరే' అనడానికి 'బాహీ'. పక్కనున్న పెద్దాయన నేను దోహా నుంచని తెలిసి మ్సాక్ని మాట ఎత్తాడు. 2011లో రాదెస్ స్టేడియంలో ఎస్పెరాన్స్ మొరాకో క్లబ్ వైదాద్‌ని 1-0తో ఓడించి ఆఫ్రికా క్లబ్బుల కప్పు గెలిచిన రోజు తను అక్కడే ఉన్నాడట. ఆ జట్టులో మ్సాక్నికి 21 ఏళ్లు. "పారిస్‌లో ఆడాల్సిన పిల్లాడు. డబ్బు కోసం ఎడారికి పోయాడు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నేనూ అందుకే కదా పోయింది. అదే మాట చెప్తే, ఆయన ఒక్క క్షణం ఆగి, తన డబ్బుతో నాకు ఇంకో టీ చెప్పాడు. పైన పైన్ గింజలు తేలే పుదీనా టీ, చక్కెర మాత్రం బర్షా.

రాదెస్ స్టేడియం బయటినుంచే చూశాను. 2001 మెడిటరేనియన్ ఆటలకు కట్టిన 60 వేల మంది స్టేడియం, ఇప్పుడు పాత ఫుట్‌బాల్ ఆటగాడు హమ్మాదీ అగ్రెబీ పేరు పెట్టారు. చుట్టూ తిరగడానికి టాక్సీ ఖర్చు దండగ. దానికంటే టీజీఎం అనే లోకల్ రైలెక్కి కార్తేజ్, సిదీ బూ సయీద్ వెళ్లండి. పాత పెట్టెలు, కుర్రాళ్లు తలుపుల్ని మూసుకోనివ్వరు, మన లోకల్ రైలే. సిదీ బూ సయీద్‌లో తెల్ల గోడలు, నీలం తలుపులు, అందరూ ఫోటోలు తీసుకునే చోటు. నాకు మాత్రం అక్కడి బంబలూనీ నచ్చింది, గారెలా చిల్లున్న పెద్ద తీపి పిండివంట. వేడిగా తినాలి.

తర్వాత సముద్రం ఒడ్డునున్న సూస్ నగరానికి లువాజ్‌లో వెళ్లాను. ఇవి షేర్ వ్యాన్లు, ఎర్ర చార ఉంటే దూరప్రయాణాలవి. మోన్సెఫ్ బే స్టాండ్‌లో ఎనిమిది మంది నిండగానే బయల్దేరింది, రెండు గంటల్లోపే దింపేసింది. ఈ ట్రిప్‌లో డబ్బుకి తగ్గ సర్వీసు ఏదంటే ఇదే. సూస్‌లో బీచ్ హోటల్ సీజన్ కాదని సగం ధరకే ఇచ్చారు, రెండు పూటలా భోజనంతో. గది బాగుంది, సముద్రం కనిపించింది, భోజనం మాత్రం చప్పిడి. సిబ్బంది కంటే పిల్లులు ఎక్కువ. బయట రోడ్డు మీద దొరికే లబ్లాబీ ముందు ఆ బఫే దిగదుడుపు. ముక్కలు చేసిన రొట్టె మీద ఉడికిన శనగలు, జీలకర్ర, గుడ్డు, దాని మీద హరీసా. ఈ హరీసా మన పండుమిరపకాయ పచ్చడికి మేనత్త కూతురు, చింతపండు ఒక్కటే తక్కువ.

సూస్ పక్కన పన్నెండు కిలోమీటర్లలో మ్సాకెన్ అనే ఊరుంది. మ్సాక్ని అంటే మ్సాకెన్ వాడు అని అర్థం, మనకు ఊరి పేర్లే ఇంటిపేర్లయినట్టు. అతని కుటుంబం అక్కడిదేనని నేను అనట్లేదు, పేరు పట్టుకుని వెళ్లానంతే. టూరిస్టుకి చూడటానికి ఏమీ లేదు. ఆలివ్ తోటలు, మసీదులు, మూడంతస్తుల కొత్త ఇళ్లు. ఆ ఇళ్లలో చాలావాటికి కిటికీలు మూసి ఉన్నాయి. మనుషులు ఫ్రాన్స్‌లో, ముఖ్యంగా నీస్ నగరంలో ఉంటారు, ఎండాకాలం సెలవులకు వస్తారు. పెయింట్ మెరుస్తోంది, గేటుకి తాళం, వాకిట్లో ఒక ముసలమ్మ ఎండకి కూర్చుని ఉంది. మా ఊరి పక్క వీధి చూసినట్టే ఉంది. అక్కడ గంట కంటే ఎక్కువ ఉండలేకపోయాను.

దినార్లు దేశం దాటించకూడదు, కాబట్టి మిగిలిన చిల్లరంతా పెట్టి ఆరు హరీసా డబ్బాలు కొన్నాను. రెండు హ్యాండ్ బ్యాగులో పెట్టి సెక్యూరిటీలో పోగొట్టుకున్నాను. మీరు పెద్ద బ్యాగులో వేసేయండి.

జనవరిలో ఐవరీ కోస్ట్‌లో ఆఫ్రికా కప్ మొదలైంది. మ్సాక్నికి అది ఎనిమిదో టోర్నీ, అంతకంటే ఎక్కువ ఎవరూ ఆడలేదు. మొదటి మ్యాచ్‌లోనే ట్యూనీషియా వాళ్లు నమీబియా చేతిలో 0-1తో ఓడిపోయారు. రూమ్‌లో వేడన్నంలో హరీసా కలుపుకుంటూ చూశాం. "ఇతనేనా అన్నా మీ ముంగిస?" అన్నాడు చిన్నోడు. ఇతనేనన్నాను. వాడు ఇంకో ముద్ద తిని, "పచ్చడి బాగుంది" అన్నాడు.