ఫైబర్ ఎద్దులా, మండువా లోగిలా? పదేళ్ళ తర్వాత ఏ రిసార్టు మొహం చూడబుద్ధేస్తుంది

మా బావ గుంటూరు దాటాక అమరావతి రోడ్డు పక్కన నాలుగెకరాల మామిడితోటలో రిసార్టు కడదామని కూర్చున్నాడు. రెండు డ్రాయింగులు గీయించి, ఏది ఖాయం చెయ్యాలో చెప్పమని నన్ను పిలిచాడు. ఇరవై ఏళ్ళుగా కాంట్రాక్టు పనులు చేస్తున్నాను గనక నా మాటకి ఆ మాత్రం విలువుంది. పైగా ఫీజు అడగను.

మొదటిది పల్లెటూరి సెట్టింగు. గేటు దగ్గర ఫైబర్ ఎద్దుల జత, లోపల పెద్ద సిమెంటు మర్రి, దాని కింద రచ్చబండ, హరిదాసు, గంగిరెద్దు, బావిలో నీళ్ళు తోడుతూ ఓ ఫైబర్ అమ్మాయి. గదులు మాత్రం మామూలు శ్లాబు డబ్బాలే, పైన ప్లాస్టిక్ తాటాకు అంటిస్తారు. రెండోది మండువా లోగిలి. చుట్టూ వసారా, మధ్యలో ఆకాశం, బెంగుళూరు పెంకు, కింద నాపరాళ్ళు. బొమ్మ ఒక్కటీ లేదు.

“రెండోది మా తాతగారిల్లులా ఉంది బామ్మర్దీ. డబ్బులిచ్చి మా తాతింటికి ఎవడొస్తాడు?” అన్నాడు బావ.

అడగాల్సిన ప్రశ్నే. మొదటి రెండేళ్ళూ పల్లె సెట్టింగుదే పైచెయ్యి, అందులో నాకు అనుమానం లేదు. ఆదివారం బెజవాడ నుంచి కారేసుకొచ్చేవాళ్ళకి ఫోటోలు కావాలి. ఎద్దుల పక్కన నిలబడితే ఫోటో వస్తుంది, మండువాలో కూర్చుంటే కునుకొస్తుంది. నా పేచీ అంతా మూడో ఏడాది నుంచి.

పోయిన మే నెలలో ఓ పెళ్ళికి హైవే పక్కన ఇలాంటి చోటికే వెళ్ళాం. మా అక్క మనవడు ఫైబర్ ఎద్దు మీదెక్కి దిగేసరికి నిక్కరు వెనకంతా తెల్లపొడి, విభూతి పూసినట్టు. ఫైబర్ బొమ్మ మీద నున్నగా మెరిసే పైపూత ఉంటుంది చూడండి, మన ఎండకి అది విరిగిపోయి సుద్దలా రాలుతుంది. ఎరుపు అన్నిటికంటే ముందు వెలుస్తుంది, అందుకే అక్కడి గంగిరెద్దు బొంత పాలిపోయిన గులాబీ రంగులోకి దిగింది. ఓ ఎద్దుకి కొమ్ము విరిగి, లోపలి గాజుపీచు బయటికొచ్చింది. పిల్లాడి చెయ్యి తగలకుండా లాక్కొచ్చేసరికి మాకు సరిపోయింది. రంగు మళ్ళీ వేయించొచ్చు, వేయిస్తారు కూడా. కాకపోతే బొమ్మలు వేసే పనివాడు కాదు, గేట్లకి రంగులేసే కుర్రాడొచ్చి వేస్తాడు. మూడోసారి వేసేటప్పటికి ఎద్దు కళ్ళు మనిషి కళ్ళలా తయారవుతాయి.

సిమెంటు మర్రిది ఇంకో జబ్బు. సన్నటి చువ్వలకి జాలీ చుట్టి, పైన సిమెంటు మెత్తి ఊడలు దించుతారు. ఊడ సన్నగా కనపడాలి కాబట్టి చువ్వ మీద మెత్తే సిమెంటు మందం ఉండదు. వానకి తడి లోపలికి దిగి చువ్వ తుప్పు పడుతుంది, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, సిమెంటు పెచ్చులూడుతుంది. డ్రాయింగులో ఆ చెట్టు ఎక్కడొచ్చిందో చూస్తే అక్కడ పదకొండు బంగినపల్లి చెట్లున్నాయి. సిమెంటు చెట్టు కోసం కాపుకొచ్చే చెట్లు కొట్టడమేంది బావా అంటే నవ్వాడు.

మండువా తరఫున వకాల్తా పుచ్చుకుని దాని లోపాలు దాచను. కోతులు తిరిగే చోట పెంకుటిల్లంటే ఏటా వానలకి ముందు పైకెక్కి పెంకులు సర్దించుకోవాల్సిందే. కలపకి చెద భయం. తెరిచిన వసారాలో ఏసీ నిలవదు, ఏసీ లేకపోతే మేలో ఎవరూ రారు. అందుకని గదుల వరకూ తలుపులు బిగించి, వసారా గాలికొదిలెయ్యాలి. ఖర్చు కూడా మొదట్లో ఎక్కువే. అయితే పగిలిన పెంకు ఒక్కటి తీసి ఇంకొకటి పెట్టొచ్చు, అతుకు కనపడదు. నాపరాయి నలుగురూ తిరిగినకొద్దీ నునుపు తేలుతుంది.

బావ దగ్గర ఇంకో అస్త్రముంది. అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్ళి ఓర్లాండోలో డిస్నీ పార్కు చూసొచ్చాడు. “డిస్నీవాడిదంతా సెట్టింగే కదా, యాభై ఏళ్ళ నుంచి నడవట్లా?” అన్నాడు.

నడుస్తోంది, కానీ అన్నీ ఒకేలా కాదు. అక్కడ 1971 అక్టోబరు 1న పార్కుతో పాటే తెరిచిన హోటళ్ళలో రెండు, పాలినేసియన్, కాంటెంపరరీ. రెండోది ఆ రోజుల్లో రాబోయే కాలం ఇలా ఉంటుందని కట్టింది. ఆ రాబోయే కాలం వచ్చి వెళ్ళిపోయింది, ఇప్పుడది 1970ల నాటి భవనంలాగే కనిపిస్తుంది. అయినా చూస్తారు, ఎందుకంటే ఒకే పట్టా మీద నడిచే మోనోరైలు భవనం మధ్యలోంచి దూసుకుపోతుంది. ఆ వింత గోడకి అంటించింది కాదు, కట్టడమే అలా కట్టారు. పాలినేసియన్‌లో లాబీ మధ్యనున్న జలపాతాన్ని 2014లో తీసేశారు, అభిమానులు గొణిగారు, హోటలు మాత్రం ఆగలేదు. చెట్ల మధ్య విడివిడిగా ఉన్న పొడుగు ఇళ్ళు అలాగే ఉన్నాయిగా.

అదే కంపెనీ 2022 మార్చిలో స్టార్ వార్స్ సినిమాల పేరుతో అంతరిక్ష నౌకలాంటి హోటలు తెరిచింది. గదిలో కిటికీ ఉండాల్సిన చోట నక్షత్రాలు చూపించే తెర. రెండు రాత్రులకి ఇద్దరికి దాదాపు 4,800 డాలర్లు. 2023 సెప్టెంబరులో మూసేశారు. ధరదీ తప్పే, కాదనను. కానీ కిటికీలోంచి చూడ్డానికి నిజం చెట్టూ నిజం ఆకాశం లేని గదిని ఇంకో పనికి మార్చడం ఎంత కష్టమో నాబోటి కాంట్రాక్టరుకి తెలుసు.

అంతదాకా ఎందుకు, బెజవాడ సింగ్‌నగర్ చూస్తే చాలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగినప్పుడు నాకు తెలిసినాయన పల్లె సెట్టింగు హోటలు రోజుల తరబడి నీళ్ళలో ఉంది. నీళ్ళు తీశాక నేనే వెళ్ళి చూశాను. ప్లైవుడ్ గుడిసెలు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి, సీలింగు జిప్సం ముద్దయి కిందపడింది. పాత ఇల్లు పడగొట్టిన చోట కొనుక్కొచ్చిన టేకు తలుపు మాత్రం బురద కడిగి ఎండబెడితే మళ్ళీ బిగిసింది. దానికి పెట్టిన డబ్బు దండగని ఆయన అంతకుముందు నాతో వాపోయాడు.

అందుకని నా ఓటు మండువాకే. బావకి మాత్రం ఫోటోల బెంగ తీరలేదు. దానికీ దారి చూపించాను: గేటు పక్కన ఒక్క పందిరి వెదుళ్ళతో, గుడ్డలతో వెయ్యి, సంక్రాంతికి ఒక వేషం, దసరాకి ఒక వేషం మార్చు, పాతబడకముందే పీకెయ్యి. ఎద్దులబండి కావాలంటే నిజమైనదే కొను, చక్రం ఆకు విరిగితే వడ్రంగి కొత్త ఆకు వేస్తాడు. మామిడిచెట్లు ఒక్కటీ ముట్టుకోవద్దు, లోగిలి వాటి మధ్య ఇరికిద్దాం, ఓ గోడ వంకరగా వచ్చినా సరే.

బావ డ్రాయింగు చుట్టేసి లేచాడు. ప్లాను మళ్ళీ గీయిస్తున్నాడట. ఫైబర్ ఎద్దులకి మాత్రం ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాడని మొన్న అక్క ఫోన్లో చెప్పింది. వాటిని ఎక్కడ పెట్టాలో నన్నే ఆలోచించమంది, తన పెరట్లో తప్ప.