డీప్ క్లీనింగ్‌కి పిలిచే ముందు డబ్బాలో ఏముందో అడగండి: విశాఖవాసులకు హెచ్చరిక

ఎంవీపీ కాలనీ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లలో డీప్ క్లీనింగ్ పాంప్లెట్లు విపరీతంగా పంచుతున్నారు. అలాంటి ఒక సంస్థను మేం పిలిచాం. బుక్ చేసుకునే ముందు దయచేసి ఇది చదవండి.

మన ఊళ్లో ఇల్లు శుభ్రంగా ఉంచడం కష్టమే. సముద్రం వైపు గ్రిల్స్‌కి ఉప్పుగాలికి తుప్పు, పోర్టు వైపు బాల్కనీల్లో నల్లదుమ్ము, వంటగదిలో జిడ్డు. అన్నీ ఒకే ప్యాకేజీలో చేస్తామంటే ఎవరికైనా ఆశ పుడుతుంది.

వచ్చిన కుర్రాళ్ల దగ్గర ఉన్నవన్నీ లేబుల్ లేని డబ్బాలే. "ఏటి బాబూ, అందులో ఏటుంది?" అని మా అత్తయ్య అడిగితే "స్పెషల్ లిక్విడ్ అమ్మా" అన్నారు. అది మామూలు బాత్రూమ్ యాసిడ్. అదే పూజగదిలో పాలరాయి మీదా పోశారు. నురగ బుసబుసా పొంగింది. పాలరాయిలో ఉండేది కాల్షియం కార్బొనేట్. యాసిడ్ పడితే రాయే కరిగిపోతుంది. ఇప్పుడక్కడ గరుకుగా తెల్ల మచ్చలున్నాయి. కడిగితే పోవు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. చిమ్నీ అల్యూమినియం ఫిల్టర్‌ని కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి నల్లగా చేసి ఇచ్చారు.

అసలు ప్రమాదం బాత్రూమ్‌లో జరిగింది. యాసిడ్ పోసిన చోటే బ్లీచింగ్ పౌడర్ చల్లారు. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. ఘాటుకి అందరికీ కళ్లు మండాయి, దగ్గు ఆగలేదు. అత్తయ్యకి ఆస్తమా. ఆవిడను వెంటనే కిందికి తీసుకెళ్లిపోయాం. ఆ పిల్లలకి చేతులకి గ్లవ్స్ కూడా లేవు. నా కోపం వాళ్ల మీద కాదు, ఏమీ నేర్పకుండా పంపిన యజమాని మీద.

ఆయనకి ఫోన్ చేస్తే "మీ రాయి ముందే అలా ఉంది" అన్నారు. ఆ తర్వాత ఫోనే ఎత్తలేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను.

మీరు పిలిస్తే మాత్రం ఎక్కడ ఏ లిక్విడ్ వాడతారో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. లేబుల్ లేని డబ్బా గుమ్మం దాటనివ్వొద్దు. పాలరాయికి గోరువెచ్చని నీళ్లు, కొద్దిగా గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. యాసిడ్, నిమ్మరసం, వెనిగర్ ఏవీ దాని దగ్గరికి రానివ్వకండి. పని మొదలయ్యే ముందు ప్రతి గదీ ఫోటో తీసి పెట్టుకోండి, బిల్లు అడగండి. మా ఇంట్లో అడ్వాన్స్ కింద మొత్తం డబ్బు ముందే కట్టించుకున్నారు, మీరు అలా ఒప్పుకోవద్దు.