తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద చూసి డబ్బులు కట్టేయకండి: గేమ్ టెక్స్‌చర్లు చేయించుకునేవాళ్లకు జాగ్రత్త

గేమ్‌లో వస్తువుల మీద అంటించే బొమ్మల్ని టెక్స్‌చర్లు అంటారు. అలాంటివి నలభై, ఒక్కోటి 200 రూపాయలు. మొత్తం 8,000లో 5,000 అడ్వాన్స్ ఇచ్చేశాను. వాటిలో ఉన్నదున్నట్టు గేమ్‌లో పెట్టుకోగలిగినవి ఆరే ఆరు. తిరుపతిలో మరొకరు ఇలా దెబ్బతినకూడదని రాస్తున్నా. షాపు పేరు చెప్పను, అడగొద్దు.

శేషాచలం అడవిలో రాత్రిపూట గస్తీ తిరిగే ఫారెస్ట్ వాచర్ కథతో ఒక ఫోన్ గేమ్ చేస్తున్నాను. దానికి ఎర్రచందనం కొమ్మలు, గడ్డి, ముళ్లకంచె, చెక్‌పోస్టు ఇనుప గేటు కావాలి. గేమ్‌లో ఆకు ఆకుకీ మోడల్ చేయం కదా. ఒక పలక మీద కొమ్మ బొమ్మ అంటించి, ఆకు లేనిచోట పలక కనపడకుండా చేస్తాం. అందుకే టెక్స్‌చర్లు ట్రాన్స్‌పరెంట్‌గా ఉండాలి, దానికి వీలున్న పీఎన్‌జీ రకం ఫైళ్లు కావాలి. నాకు కోడ్ రాయడం వచ్చుగానీ కటింగ్ పనికి ఓపిక లేదు. ఊళ్లోనే ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు డిజైన్ చేసే ఒకాయన "గేమ్ పని కూడా చేస్తాం" అంటే ఇచ్చాను.

తన మానిటర్ మీద ఒక్కో కొమ్మా తెరిచి చూపించాడు. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద ముత్యంలా ఉన్నాయి. ఇంటికొచ్చి గేమ్‌లో పెడితే ప్రతి ఆకు చుట్టూ ముగ్గుపిండితో గీసినట్టు తెల్ల గీత! నాదేమో రాత్రి గేమ్, అంతా చీకటి. కొమ్మలన్నీ ట్యూబ్‌లైటు పెట్టినట్టు మెరుస్తున్నాయి.

ఫోన్ చేస్తే ఆయన మాట ఇది: "ఏం సామీ, పీఎన్‌జీ అడిగితివి, పీఎన్‌జీ ఇస్తిమి గదా. ప్రింటు తీసి చూడు, ఏమీ కనపడదు."

నిజమే, ప్రింటులో కనపడదు. ఫ్లెక్సీ గుడ్డే తెల్లగా ఉంటుంది మరి. ఆయన మోసగాడని నేను అనను, ఆయనకి తెలిసిన పని వేరు. కానీ తెలియని పనికి డబ్బు తీసుకోవడం మాత్రం తప్పే.

ఆ తెలుపు ఎక్కణ్ణుంచి వస్తుందో పట్టుకోవడానికి నాకు మూడు రాత్రులు పట్టింది. అది ఒకటి కాదు, రెండు తెలుపులు. మొదటిది అంచులో కలిసిపోయినది. తెల్ల కాగితం మీద పెట్టి తీసిన ఆకు ఫొటోలో అంచు పిక్సెళ్లు సగం ఆకుపచ్చ, సగం తెలుపు ఉంటాయి. ఒకే రంగున్న చోటుని ఒక్క క్లిక్కుతో ఎంచుకునే మ్యాజిక్ వాండ్‌తో బ్యాక్‌గ్రౌండ్ ఎంత బాగా తీసేసినా ఆ సగం తెలుపు ఆకుతోపాటే వచ్చేస్తుంది. రెండోది దాక్కున్నది. పీఎన్‌జీలో పూర్తిగా కనపడని పిక్సెల్‌కి కూడా ఒక రంగు ఉంటుంది, చాలాసార్లు అది తెలుపే. బొమ్మని చిన్నదిగానో పెద్దదిగానో చూపేటప్పుడు గ్రాఫిక్స్ చిప్ పక్కపక్క పిక్సెళ్లని కలిపి సగటు తీస్తుంది. అప్పుడు ఆ దాక్కున్న తెలుపు ఆకు మీదకి కారుతుంది. ఒక్కో పిక్సెల్ ఎంత కనపడాలో చెప్పే విలువని ఆల్ఫా అంటారు. గేమ్‌లు చేసే సాఫ్ట్‌వేర్ యూనిటీలో "ఆల్ఫా ఈజ్ ట్రాన్స్‌పరెన్సీ" అనే టిక్ పెడితే ఈ రెండోది సర్దుకుంటుంది. నేను అది పెట్టి, పోలేదేమిటని తల పట్టుకున్నా. మొదటి తెలుపు అక్కడే ఉంటే ఎలా పోతుంది?

ఇక ఎనిమిది ఫైళ్ల సంగతి వింటే నవ్వొస్తుంది. వాటి వెనక బూడిద, తెలుపు గళ్లు ఉన్నాయి. ఆ గళ్లు ట్రాన్స్‌పరెన్సీకి గుర్తనుకున్నా. కాదు, బొమ్మలోనే ఉన్న రంగు! నెట్‌లో దొరికిన నకిలీ పీఎన్‌జీని దించి ఇచ్చాడు. గేమ్‌లో కొమ్మ వెనక చదరంగం బల్ల వేలాడుతోంది. ఇంకో రెండు, గేటు ఫైళ్లు, పేరు చివర పీఎన్‌జీ అని ఉన్నా లోపల జేపెగ్. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే అసలు పీఎన్‌జీ మొదట్లోనే పీ, ఎన్, జీ అక్షరాలు కనిపిస్తాయి. వీటిలో జే, ఎఫ్, ఐ, ఎఫ్ ఉన్నాయి. జేపెగ్‌లో ట్రాన్స్‌పరెన్సీ అనేదే ఉండదు. పేరు మార్చినంత మాత్రాన రాదు.

సైజు విషయంలో నేనే బోల్తా పడ్డా. "4096 క్వాలిటీ సామీ" అంటే పొంగిపోయాను. 4096 బై 4096 పిక్సెళ్ల బొమ్మ కంప్రెస్ చేయకుండా మెమరీలో 64 ఎంబీ తింటుంది, మిప్‌మ్యాప్‌లు (దూరం నుంచి చూపడానికి వాడే చిన్న కాపీలు) పెడితే ఇంకో మూడో వంతు. 1024 అయితే 4 ఎంబీతో పోతుంది. చెట్టుకొమ్మకి 1024 చాలు. ఆయన ఫైల్లో కొమ్మ ఉన్నది ఒక మూలనే, మిగతాదంతా ఖాళీ. ఫోన్ ఇస్త్రీపెట్టెలా కాలింది. దూరంగా ఉన్న చెట్లు ఆకులు రాలి మోడైపోవడం కూడా ఆయన తప్పే అనుకున్నా. కాదు. దూరం పెరిగేకొద్దీ చిన్న మిప్‌మ్యాప్‌లలో ఆల్ఫా పలచబడుతుంది, ఇంతకంటే తక్కువ ఆల్ఫా ఉన్న పిక్సెల్ చూపొద్దని నేను పెట్టిన హద్దు, అంటే కటాఫ్, 0.5. దానికి ఆకులు నిలబడలేదు. అది నా సెట్టింగ్ తప్పు.

చివరికి ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్‌లో నేనే కూర్చున్నా. అది ఉచితమే. మొదట, ఎంచుకున్న రంగుని ట్రాన్స్‌పరెంట్ చేసే "కలర్ టు ఆల్ఫా"ని తెలుపుకి పెట్టి బొమ్మ మొత్తానికీ కొట్టేశా. ఆకు మీద ఎండ తగిలి మెరిసిన చోటల్లా చిల్లులు పడ్డాయి, ఈనెలు పోయాయి. తర్వాత ఆల్ఫాని సెలెక్షన్‌గా మార్చి, మూడు పిక్సెళ్లు లోపలికి కుదించి, సెలెక్షన్ తిరగేసి, అంచుకి మాత్రమే కొట్టాను. తెల్ల గీత పోయింది. ఇక దాక్కున్న రెండో తెలుపు కోసం ఆ ఆల్ఫాని విడిగా దాచిపెట్టి, కొమ్మ లేయర్‌కి కాపీలు తీసి, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెం బ్లర్ చేసి కింద పేర్చాను. అన్నిటికీ అడుగున ముదురాకుపచ్చ పరిచి, లేయర్లన్నీ ఒకటి చేసి, దాచిన ఆల్ఫాని, ఏది కనపడాలో నిర్ణయించే మాస్కుగా తగిలించాను. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు కనపడని పిక్సెళ్ల రంగులు కూడా సేవ్ చేయమనే టిక్ ఉంటుంది, అది పెట్టకపోతే పడిన కష్టమంతా వృథా. మొదటి కొమ్మకి గంటన్నర పట్టింది, పదోదానికి పావుగంట.

మీరు బయట చేయించుకునేటట్టయితే అడ్వాన్స్‌కి ముందే ఒక్క శాంపిల్ ఫైలు తెచ్చుకోండి. దాని కింద ఎర్ర లేయరు, తర్వాత నల్ల లేయరు వేసి, 400 శాతం జూమ్ చేసి అంచు చుట్టూ తిరగండి. గళ్లు ఇంకా కనిపిస్తుంటే అక్కడితో ఆపేయండి. ఆ తర్వాత గేమ్‌లో పెట్టి, మీ సొంత ఫోన్‌లో, దూరం నుంచీ దగ్గర్నుంచీ చూడండి. లేయర్లున్న అసలు ఫైలు కూడా ఇస్తారా అని ముందే అడగండి. నాకు ఇవ్వలేదు, అదుంటే సగం పని తగ్గేది. బొమ్మ ఎక్కడ తీశారో కూడా అడగండి. నెట్‌లోంచి ఎత్తిన ఫొటో అయితే రేపు గేమ్ స్టోర్‌లో పెట్టాక కాపీరైట్ గొడవ మన మెడకే చుట్టుకుంటుంది. నా ఎర్రచందనం కొమ్మల్లో కొన్ని అసలు ఎర్రచందనమే కాదు. ఎర్రచందనంలో ఒక్కో కాడకి మామూలుగా మూడు గుండ్రటి ఆకులుంటాయి, ఈయన ఇచ్చినవాటిలో వేపాకులా రంపపు అంచులున్నాయి!

నిన్న మిగతా 3,000 కోసం ఫోన్ చేశాడు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఆయన కొమ్మ ఫొటో వాట్సాప్‌లో పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. చాలాసేపటికి "శనివారం షాపుకి రా సామీ, మాట్లాడుకుందాం" అని వచ్చింది. ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్తున్నా. గళ్ల ఫైళ్లు ఎనిమిదీ, గేటు రెండూ నా కళ్లముందు తిరిగి చేసిస్తే ఆ డబ్బు ఇస్తాను.