ది వాకింగ్ డెడ్: 193 సంచికలూ మళ్ళీ చదివాక

ముందే చెబుతున్నాను, ఇందులో చావులూ ముగింపూ అన్నీ బయటపెట్టేశాను.

చచ్చినవాళ్ళు లేచి తిరిగే లోకంలో రిక్ అనే పోలీసూ అతని గుంపూ బతకడానికి పడే పాట్లే ఈ కథ. రాబర్ట్ కిర్క్‌మన్ రాసిన ఈ కామిక్ 2003 అక్టోబరులో మొదలై 2019 జులైలో ఆగింది. టీవీలో చూసేశాం కదా అనుకునేవాళ్ళకు ఒక మాట: టీవీలో చూసిన డారిల్ ఇందులో అసలు లేడు, అక్కడ ముందే చనిపోయిన ఆండ్రియా ఇక్కడ చాలా దూరం వస్తుంది.

వరసగా చదివితే అన్నిటికన్నా గట్టిగా నిలబడేది ఆ గుంపు ఒక జైల్లో తలదాచుకునే కథ, 13 నుంచి 48వ సంచిక దాకా. కంచె ఎక్కడుందో, తోట ఎక్కడ వేశారో, ఎవరు ఏ గదిలో పడుకుంటారో మనకు కంఠతా వచ్చేస్తుంది. అందుకే ఆ కంచె పడితే మన ఇంటి ప్రహరీ కూలినంత దిగులు. 48లో, జైలు మీదికి దండెత్తిన గవర్నర్ అనే శత్రువు మాట విని అతని మనిషి లిల్లీ తుపాకి పేలుస్తుంది. రిక్ భార్య లోరి పడిపోతుంది. ఆమె చేతుల్లో పసిబిడ్డ ఉందని చూశాక, లిల్లీ అదే గవర్నర్‌ను కాల్చేస్తుంది. ఆ కొద్ది పేజీల కోసం అంతకుముందు సంచికలన్నీ చదవొచ్చు.

61–66 నరమాంస భక్షకుల కథ చిన్నది, ఎక్కడా సాగదు. 83లో రిక్ కొడుకు కార్ల్ చెయ్యి వదలని జెస్సీ చేతిని రిక్ నరికేసే చోట, ఎన్నోసారి చదివినా గుండె జారుతుంది.

100లో రిక్ గుంపులోని గ్లెన్‌ను చంపేటప్పుడు కొత్త శత్రువు నీగన్ నిజంగా భయపెడతాడు. ఆ తర్వాత వచ్చే యుద్ధం, 115–126, బాగా నీరసం. నెలకు రెండు సంచికల చొప్పున వదిలారు. పేజీ నిండా చిన్న చిన్న బొమ్మల గడులు, తుపాకి మంటలు. ఎవరు ఏ గోడ వెనక ఉన్నారో అర్థం కాదు. చోటు తెలియకపోతే భయమెక్కడిది? ఆ తర్వాత విస్పరర్లు, అంటే శవాల తోళ్ళు కప్పుకు తిరిగే గుంపు, వచ్చాక మళ్ళీ ఒక సరిహద్దు ఏర్పడుతుంది, 144లో ఆ సరిహద్దు మీద పాతిన తలలతో భయం తిరిగొస్తుంది. చివర్లో వచ్చే కామన్‌వెల్త్ అనే పెద్ద ఊరి కథ మాత్రం తొందరపడి చుట్టేశారు. 192లో రిక్ చావు, ముందుగా చెప్పకుండా 193తో ముగింపు. ఆ చివరి సంచిక చాలా బాగుంది.

సంచికలన్నీ కలిపి కుట్టిన లావు పుస్తకాలు, కాంపెండియంలు, నాలుగు, ఒక్కోటి వెయ్యి పేజీల పైనే. అంత లావు పుస్తకాన్ని వెనక్కి విరిచి చదివితే అట్ట దగ్గర జిగురు వదిలేస్తుంది. దిండు మీద పెట్టుకుని చదవండి. మన నెల్లూరు, కావలి వైపు కార్తీకం వానలకు కాగితం ఉబ్బుతుంది. బీరువాలో పడుకోబెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి. ఫోన్‌లో గడి గడిగా చదవొద్దు. కిర్క్‌మన్ దెబ్బ పేజీ తిప్పాక తగిలేలా పెడతాడు, అది పోతుంది. 2020 నుంచి రంగుల్లోనూ వస్తోంది గానీ, క్లిఫ్ రాత్‌బర్న్ వేసిన బూడిద ఛాయలున్న నలుపు తెలుపే ముందు చదవండి.

డబ్బులు చూసుకోవాలనుకుంటే మొదటి కాంపెండియం ఒక్కటి కొనండి. 48తో ముగుస్తుంది, జైలు కథ మొత్తం అందులోనే ఉంది.