అప్పీళ్ల పనికి ఈకోర్ట్స్ యాప్: వాయిదాలకు సరే, గడువు లెక్కకు కాదు

చిత్తూరు జిల్లా కోర్టులో, అమరావతి హైకోర్టులో సివిల్ అప్పీళ్లు నడిపే వకీలు ఆఫీసుకు, కోర్టు కేసుల వివరాలు ఫోనులో చూపే ఈకోర్ట్స్ సర్వీసెస్ యాప్ తప్పనిసరి. తిరుపతిలో కూర్చునే రెండు చోట్ల వాయిదాలూ చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు.

ఒక్కో కేసుకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే 16 అక్షరాలు-అంకెల సీఎన్‌ఆర్ నంబరు ఉంటే కేసు వెంటనే దొరుకుతుంది. లేకుంటే పార్టీ పేరుతో వెతకాలి. చిక్కు అక్కడే. మునిరత్నం అనే కక్షిదారు పేరే ఒక దావాలో ఒక స్పెల్లింగుతో, ఇంకో దావాలో మరో స్పెల్లింగుతో ఎక్కి ఉంటుంది. పూర్తి పేరు కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలు, దావా సంవత్సరం ఇవ్వండి. అప్పీలుకు వచ్చే దావా కింది కోర్టులో అప్పటికే తేలిపోయి ఉంటుంది కాబట్టి ‘పెండింగ్’లో కనపడదు, ‘డిస్పోజ్డ్’ నొక్కాలి.

తీర్పు పీడీఎఫ్ చేతికొస్తే గ్రౌండ్స్ (అప్పీలుకు కారణాలు) రాయడం ఆ రాత్రే మొదలుపెట్టొచ్చు. ఈ యాప్ చేసే పెద్ద మేలు ఇదే. కానీ అది సర్టిఫైడ్ కాపీ (కోర్టు ముద్ర వేసి ఇచ్చే అధికారిక నకలు) కాదు. పీడీఎఫ్ ఉంది కదా అని కాపీ అప్లికేషన్ ఆలస్యం చేస్తే అప్పీలు గడువు కరిగిపోతుంది. జిల్లా కోర్టుకు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. కాపీ కోసం పట్టిన రోజులు అందులోంచి మినహాయిస్తారు, అయితే అప్లికేషన్ పెట్టిన రోజు నుంచే. డిక్రీ (తీర్పును బట్టి కోర్టు రాసే అమలు ఉత్తర్వు) తయారయ్యాక పెడదాంలే అని ఆగిన రోజులు మినహాయింపులోకి రావు.

ఉదాహరణకు జూన్ 10న తీర్పు, 20న అప్లికేషన్, కాపీకి కావలసిన స్టాంపులు అడిగిన రోజే కట్టారు, జులై 5న కాపీ సిద్ధం. మినహాయింపు 16 రోజులు, జిల్లా కోర్టులో చివరి తేదీ జులై 26. కక్షిదారు తీరిగ్గా జులై 15న వెళ్లి కాపీ తెచ్చుకున్నా ఆ తేదీ కదలదు. స్టాంపులు ఆలస్యంగా కడితే ఆ రోజులూ మన నెత్తినే. ఈ తేదీలన్నీ సర్టిఫైడ్ కాపీ మీద ముద్రలోనే ఉంటాయి, లెక్క వాటితోనే వేయాలి. దాటిపోతే ఆలస్యం మాఫీ పిటిషన్‌ను అప్పీలుతో పాటే వేయాలి.

కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే పిటిషన్) వెతుకులాట కూడా యాప్‌లో ఉంది. స్టే అడగబోయే ముందు అవతలివాళ్లు కేవియట్ వేశారేమో చూడండి. దాని ఆయుష్షు 90 రోజులే. అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ అమలు ఆగదు, స్టే విడిగా తెచ్చుకోవాలి. మామిడి తోపు స్వాధీనం లాంటి కేసుల్లో కక్షిదారుకు ఈ మాట మొదటిరోజే చెప్పి తీరాలి.

‘మై కేసెస్’లో దాచుకున్న జాబితా ఫోనులోనే ఉంటుంది. యాప్ తీసేస్తే అదీ పోతుంది. ఫోను మార్చేముందు ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి. వాయిదా తేదీని మాత్రం ముందురోజు సాయంత్రం కాజ్ లిస్టుతో (ఆ రోజు విచారణకు వచ్చే కేసుల జాబితాతో) మరోసారి సరిచూసుకోవాలి.