త్సినందలి: నేలలో పాతిన కుండల ఊరు

మా అమ్మాయి జార్జియా రాజధాని టిబిలిసిలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. మేలో దాన్ని చూడ్డానికి వెళ్లినప్పుడు కఖేతీ ప్రాంతంలోని వైన్ ఊళ్లకి రెండుసార్లు వెళ్లాం. మొదటిసారి గ్రూప్ టూర్ బుక్ చేసుకున్నాం. ఒక్క రోజులో ఆరు చోట్లు తిప్పారు. బస్సు దిగడం, మూడు గుక్కలు తాగడం, ఫోటో తీసుకోవడం, మళ్లీ బస్సెక్కడం. గైడ్‌ని ఏదైనా అడుగుదామంటే అప్పటికే డ్రైవర్ హారన్ కొట్టేవాడు. రాత్రి రూమ్‌కొచ్చి ఫోటోలు చూసుకుంటే ఏది ఏ ఊరో ముగ్గురికీ గుర్తురాలేదు. చాలా బాధనిపించింది. అందుకే మరుసటి వారం టాక్సీ మాట్లాడుకుని ఒక్క త్సినందలికే వెళ్లాం. నేను రాస్తున్నది ఆ రెండో ప్రయాణం గురించి.

గొంబోరి కనుమ మీదుగా దాదాపు రెండు గంటలు పట్టింది. మలుపులు ఎక్కువ, కడుపులో తిప్పేవాళ్లు ముందే మాత్ర వేసుకోండి. కనుమ దిగుతుంటే అలజాని లోయ నిండా ద్రాక్షతోటలు, వాటి వెనక మంచు కప్పుకున్న కాకసస్ కొండలు.

ఊళ్లో అందరూ ముందు వెళ్లేది చవ్‌చవాద్జే భవనానికే. అలెగ్జాండర్ చవ్‌చవాద్జే 19వ శతాబ్దపు కవి, ప్రభువంశీకుడు. యూరప్ పద్ధతిలో వైన్ చేసి సీసాల్లో నింపడం ఆయన ఇక్కడ మొదలుపెట్టాడు. ఇక్కడి పాత వైన్ల భాండారంలో 1841 నాటి సపెరవి, అంటే ఎర్ర ద్రాక్ష వైన్, కూడా ఉంది. 1854లో రష్యా మీద పోరాడుతున్న కాకసస్ కొండజాతుల నాయకుడు ఇమాం షామిల్ మనుషులు ఈ ఇంటి మీద దాడి చేసి ఆయన కోడలినీ పిల్లల్నీ ఎత్తుకెళ్లారు. మరుసటి ఏడాది రష్యా తన దగ్గరున్న షామిల్ కొడుకును అప్పగిస్తేగానీ వదల్లేదు. ఇంటి లోపల గంట చాలు. తోటలో మాత్రం ఎంతసేపైనా కూర్చోవచ్చు.

మా మనసు నిండింది ఆ తర్వాత వెళ్లిన ఇంట్లో. ఊళ్లోనే ఒక కుటుంబం పెరటి మరానిలో, అంటే వైన్ చేసే కొట్టులో, సొంతంగా వైన్ చేసుకుంటుంది. ముందురోజు ఫోన్ చేసి చెప్పాం. బోర్డు లేదు, వెతుక్కోవడానికి ఇరవై నిమిషాలు పట్టింది. డెబ్బై ఏళ్ల పెద్దాయన గేటు తీశారు. మా అమ్మాయి వార్డుల్లో పేషెంట్లతో మాట్లాడటానికి జార్జియన్ నేర్చుకుంది. "బాబువా" అని పిలిచేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది. బాబువా అంటే తాతయ్య.

లోపల వైన్ పాత్ర ఒక్కటీ కనబడలేదు. మట్టి నేల మీద గుండ్రటి మూతలు మాత్రం వరసగా ఉన్నాయి. ఒక్కో మూత కింద మనిషి లోతు మట్టికుండ మెడదాకా పాతి ఉంది. దాన్ని క్వేవ్రి అంటారు. గుడ్డు ఆకారం, అడుగు కోసుగా ఉంటుంది. లోపల తేనెమైనం పూస్తారు. శరదృతువులో ద్రాక్ష తొక్కి రసాన్ని తొక్కలు, గింజలు, తొడిమలతో సహా ఇందులో పోస్తారు. పొంగే రోజుల్లో పైకి తేలిన తొక్కల్ని రోజూ కర్రతో కిందికి తోస్తుండాలి. పొంగు తగ్గాక మూత పెట్టి, తడిమట్టితో అంచు మూసి, వసంతం దాకా వదిలేస్తారు. కింద నేల చల్లదనమే దానికి ఫ్రిజ్. అడుగు ఎందుకు కోసుగా ఉండాలని అడిగాను. చేదు గింజలు ఆ కొసలోకి దిగిపోతాయి, వాటి మీద తొక్కలు పరుచుకుంటాయి, అప్పుడు చేదు పైకి రాదని ఆయన అరచెయ్యి దోసిలిలా పట్టి చూపించారు.

ఒక మూత తెరిచారు. పొడవాటి కాడ ఉన్న ఎండు సొరబుర్రతో ముంచి పోశారు. ర్కత్సితెలి తెల్ల ద్రాక్షే, కానీ తొక్కలతో నెలల తరబడి నానడం వల్ల గ్లాసులో పలచని టీ డికాక్షన్ రంగు. నోట్లో ముందు వగరు, ఆ తర్వాత ఎండు ఆప్రికాట్ వాసన. మొదటి గుక్క నాకు నచ్చలేదు. రొట్టె తింటూ తాగితే మూడో గుక్కకి ఆ వగరు ఎందుకో అర్థమైంది. సపెరవి పెదాలకి రంగు అంటించింది. ఆ పేరుకి అర్థమే రంగువేసేది అట.

పక్కన ఖాళీ కుండ ఉంది. చెర్రీ చెట్టు బెరడు ముక్కలు దొంతరగా కట్టిన పొడవాటి కర్ర లోపలికి దించి, గోడలకి నెమ్మదిగా రుద్దారు. నీళ్లు పోయడం, తోడెయ్యడం, మళ్లీ రుద్దడం. చివర్న తోడిన నీళ్లు గ్లాసులో పట్టి వెలుతురుకి ఎత్తి చూశారు. తేటగా లేవని మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఒక్క పని నలభై నిమిషాలు చూశాం. టూర్ బస్సులో దీనికి చోటే లేదు.

1985లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మద్య వ్యతిరేక ప్రచారంలో జార్జియాలో చాలా తోటలు పీకేశారు. 2006లో రష్యా ఇక్కడి వైన్‌ని నిషేధించింది. అప్పటిదాకా ద్రాక్షంతా ఫ్యాక్టరీకి తోలిన ఈ కుటుంబం మళ్లీ తమ కుండల దగ్గరికొచ్చిందట. 2013లో యునెస్కో క్వేవ్రి పద్ధతిని వారసత్వంగా గుర్తించిన సంగతి ఆయన రెండుసార్లు చెప్పారు.

వైన్, భోజనం కలిపి మాకు మనిషికి 70 లారీ (జార్జియా కరెన్సీ) అయింది. శాకాహారులకి ఇబ్బంది లేదు. మట్టికుండలో ఉడికిన బీన్స్ లోబియో, వాల్‌నట్ ముద్ద కూరిన వంకాయ, వేడి షోతి రొట్టె పెట్టారు. మావారు మద్యం ముట్టరు. ఆయనకి ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టిన వాల్‌నట్ దండలు, చుర్చ్‌ఖేలా, ఇచ్చి ఎవరూ బలవంతం చెయ్యలేదు. చివర్లో తెచ్చే చాచా, అంటే ద్రాక్షపిప్పితో కాచిన సారా, మాత్రం చాలా ఘాటు, ఒక్క చుక్కతో ఆపండి. బాత్రూమ్ పెరట్లో ఉంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ మెట్లు కష్టం. వైన్ కొంటే ప్లాస్టిక్ సీసాలో పోస్తారు, విమానానికి పనికిరాదు. గాజు సీసా కావాలని ముందే చెప్పండి.

బయల్దేరే ముందు మూత మళ్లీ పెట్టి, అంచున తడిమట్టి నొక్కే పని మా అమ్మాయికి ఇచ్చారు. ద్రాక్ష కోతని ఇక్కడ ర్త్వేలి అంటారు, సెప్టెంబర్, అక్టోబర్‌లలో జరుగుతుంది. దానికి రమ్మన్నారు. సెలవు దొరుకుతుందేమో అమ్మాయి కనుక్కుంటోంది.