‘రిజెక్ట్ అయినా మళ్లీ మళ్లీ వేస్తాం’: యూకే అసైలం ప్యాకేజీ మీద రివ్యూ

స్టూడెంట్ వీసా గడువు దగ్గరపడ్డ పిల్లల తల్లిదండ్రులకు నల్లగొండ, మిర్యాలగూడ వైపు ఏజెంట్లు అమ్మే ప్యాకేజీ ఇది. కాయితం మీద నాలుగు వరుసలుంటాయి: అసైలం (సొంత దేశంలో ప్రాణభయం ఉందని అక్కడ ఆశ్రయం అడగడం), రిజెక్ట్ అయితే అప్పీలు, అదీ పోతే హైకోర్టు, ఆఖరుకు ‘ఫ్రెష్ క్లెయిమ్’. ఒక్కో వరుసకు ఒక్కో కిస్తు. కేసు ఓడినప్పుడల్లా ఏజెంటుకు పైసలొచ్చే లెక్క. ఐదుకు ఒక్క మార్కు కూడా ఇవ్వలేం.

అసలు యూకేలో అసైలం వేయడానికి ప్రభుత్వ ఫీజే లేదు. డబ్బు లేనివాళ్లకు లీగల్ ఎయిడ్ ఉంది. ‘వేసిన తెల్లారే పని చేసుకోవచ్చు’ అన్న మాట నమ్మొద్దు. 12 నెలలు దాటినా నిర్ణయం రాకపోతేనే పర్మిషన్ అడగాలి, అదీ ప్రభుత్వ జాబితాలో ఉన్న పనులకే.

పెద్ద గుంత రెండో వరుసలో ఉంది. యూకే 2002 ఇమిగ్రేషన్ చట్టం 94వ సెక్షన్‌లో, మామూలుగా ప్రమాదం లేదని లెక్కేసే దేశాల జాబితాలో ఇండియా ఉంది. మన క్లెయిమ్‌ను కొట్టేసినప్పుడు, అందులో కొంతైనా పస ఉందని అధికారికి అనిపిస్తే తప్ప, ‘బొత్తిగా ఆధారం లేనిది’ అని సర్టిఫై చేస్తారు. 2022 జూన్ 28 నుంచి వేసిన క్లెయిములకు ఆ ముద్ర పడితే అప్పీలు హక్కే ఉండదు. మిగిలేది జ్యుడీషియల్ రివ్యూ, అంటే అధికారి నిర్ణయం చట్టప్రకారం ఉందా లేదా అని మాత్రమే జడ్జి చూసేది. ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా 3 నెలల్లోపు వేయాలి. కాయితాలు చూసిన జడ్జి ‘ఏమాత్రం పస లేదు’ అని రాస్తే అక్కడ నోటి వాదనకు కూడా అవకాశం ఉండదు. ముద్ర పడని కేసుకైతే అప్పీలు గడువు 14 రోజులు.

‘హైకోర్టు’ వరుస పాత సరుకు. మొదటి అప్పీలు ఓడాక పై మెట్టు అయిన అప్పర్ ట్రిబ్యునల్ అప్పీలుకు పర్మిషన్ ఇవ్వకపోయినా, 2011 నాటి కార్ట్ అనే యూకే సుప్రీంకోర్టు తీర్పుతో హైకోర్టులో జ్యుడీషియల్ రివ్యూకు సందు ఉండేది. 2022 జూలై 14 నుంచి కొత్త చట్టం దాన్ని మూసేసింది. ట్రిబ్యునల్ దురుద్దేశంతో నడుచుకుందని చూపడం లాంటి అరుదైన కారణాలకే ఇప్పుడు తలుపు తెరుస్తారు.

ఇక ఫ్రెష్ క్లెయిమ్. ఇమిగ్రేషన్ రూల్స్ 353వ పేరా ప్రకారం కొత్త ఆధారం ఇదివరకు పరిశీలించనిదై ఉండాలి, పాతదాంతో కలిపి చూస్తే గెలిచే అవకాశం నిజంగా కనబడాలి. లేకుంటే దాన్ని ఫ్రెష్ క్లెయిముగానే లెక్కించరు, కొత్త అప్పీలూ రాదు. ఒకవేళ అప్పీలు దాకా వెళ్లినా, 2002 నాటి దేవశీలన్ తీర్పు ప్రకారం మొదటి జడ్జి తేల్చిందే రెండో జడ్జికి మొదలు. మొదటిసారి ‘నమ్మశక్యంగా లేదు’ అని రాస్తే, సర్పంచ్ లెటర్‌ప్యాడ్, నోటరీ అఫిడవిట్ తెచ్చినంత మాత్రాన ఆ మాట చెరగదు. ఇవి అప్పుడే ఎందుకు ఇవ్వలేదని అడుగుతారు. దొంగ ఎఫ్‌ఐఆర్ సంగతి సరేసరి: మన సుప్రీంకోర్టు 2016 ఆదేశంతో, సున్నితమైన కేసులు తప్ప, ఎఫ్‌ఐఆర్‌లను పోలీసులు వెబ్‌సైట్‌లో పెట్టాలి. నంబరు, ఠాణా, తేదీ పట్టి వెతికితే బయటపడుతుంది.

ఈ ప్యాకేజీ వల్ల నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లే ఎక్కువ నష్టపోతారని మా బాధ. కులాంతర పెళ్లి చేసుకున్న జంటకు మన దగ్గర ముప్పు లేదని ఎవరనగలరు? 2018లో మిర్యాలగూడలో జరిగిన పరువు హత్య అందరికీ గుర్తే. కానీ అదే కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ‘మీ దేశంలో రక్షణ ఉంది కదా, హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఉండొచ్చు కదా’ అని యూకే అధికారులు ఆ తీర్పునే చూపించొచ్చు. దానికి జవాబు మొదటి ఇంటర్వ్యూలోనే ఉండాలి: ఎవరు, ఏ తేదీన, ఏ నంబరు నుంచి బెదిరించారు, ఊరు మారినా ఎలా పట్టుకున్నారు, ఠాణాకు వెళ్తే ఏమైంది. ఏజెంటు రాసిచ్చిన కథ అప్పజెబితే, ఆ నిజమైన వివరాలు తర్వాత చెప్పినా విలువ తగ్గిపోతుంది.

ఈ ప్యాకేజీ బదులు యూకేలోనే సొలిసిటర్‌నో, ఇమిగ్రేషన్ సలహాదారులను నియంత్రించే ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో రిజిస్టర్ అయినవాళ్లనో పట్టుకోండి. అలా రిజిస్టర్ అయినవాళ్లు అప్పీలు వాదించాలంటే అథారిటీ ఇచ్చే లెవెల్ 3 అనుమతి కావాలి. అథారిటీ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోండి. అసైలం కేసులు చూసే యూకే హోమ్ ఆఫీస్ అదే 2002 చట్టం 120వ సెక్షన్ నోటీసు ఇస్తే, అక్కడ ఉండటానికి ఉన్న కారణాలన్నీ జవాబులోనే రాయాలి. ఒకటి దాచి తర్వాత తీస్తే, 96వ సెక్షన్ కింద దానికి అప్పీలు లేకుండా చేయొచ్చు.